ఉప్పెన తర్వాత ఊరు మళ్లీ ఊరు కావడానికి ఎన్నేళ్లు పట్టింది?

నాగాయలంక మనవడు:

అందరికీ నమస్కారం. మా నాయనమ్మది కృష్ణా జిల్లా తీరంలోని దివిసీమ. నాగాయలంకకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. మా ఇంట్లో ఏ సంగతి చెప్పుకున్నా "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తర్వాత" అనే చెప్పుకుంటారు. పెళ్లిళ్లు, పొలం కొన్న ఏడాది, గేదె ఈనిన ఏడాది, అన్నీ ఆ గీతకు అటో ఇటో ఉండవలసిందే. నేను 1991లో హైదరాబాదులో పుట్టాను. నాకు పెట్టిన పేరు ఆ రాత్రి పోయిన మా పెదనాన్నది. మా బంధువుల్లో నా ఈడువాళ్లు చాలామందికి ఇలాగే పోయినవాళ్ల పేర్లు ఉన్నాయని కాస్త పెద్దయ్యాకగాని నాకు తెలియలేదు.

1977 నవంబరు 19న తుపానుతో సముద్రం దివిసీమ మీదికి పొంగిన ఆ ఉప్పెన సంగతులు ఏటా పత్రికల్లో వస్తూనే ఉంటాయి. గాలి ఎంత వేగంతో వీచింది, నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయి, అధికారిక లెక్క ప్రకారం పది వేల దరిదాపుల్లో మనుషులు ఎలా పోయారు అన్నది చదివి చదివి నోటికి వచ్చేసింది. నాకు తెలియనిది ఆ తర్వాతి కథ. శవదహనాలు ముగిసి, హెలికాప్టర్లు వెళ్లిపోయి, విలేకరులు కూడా తిరుగు బస్సు ఎక్కిన తర్వాత, 1978లోనో 1980లోనో ఆ ఊళ్లలో ఏం జరిగింది? పొలాలు మళ్లీ ఎప్పుడు పండాయి? తల్లిదండ్రులు పోయిన పిల్లలు ఎవరి ఇళ్లలో పెరిగారు? అప్పులు ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు? నాయనమ్మను అడిగితే ఆ రాత్రి గురించి ఎంతసేపైనా చెబుతుంది గానీ, మర్నాటి నుంచి జరిగిన దాని గురించి మాత్రం "తర్వాత ఏముందిరా, బతికాం" అని ఊరుకుంటుంది. తెలిసిన పెద్దలు రాస్తే రుణపడి ఉంటాను. దివిసీమ ఒక్కటే కానక్కరలేదు, వేరే తుపాన్ల అనుభవమైనా సరే.

పాత బడిపంతులు:

బాబూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. దివి తాలూకాలో ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పని చేసేవాణ్ని. ఆ శనివారం బడి ముగించుకొని ముందుగానే అవనిగడ్డ వచ్చేయడం వల్ల బతికాను. అందులో నా తెలివితేటలు ఏమీ లేవు. మా అక్క ఇంట్లో ఏదో పని ఉండి వచ్చాను, అంతే.

మొదట బడి గురించే చెబుతాను. మళ్లీ పాఠాలు మొదలయ్యేసరికి సంక్రాంతి దాటింది. బడి గోడలు నిలిచాయి గానీ కప్పు లేదు. రేగడి బురద మోకాలి ఎత్తున పేరుకొని ఎండి పగుళ్లిచ్చింది. హాజరు పట్టీ నా పెట్టెలో నాతో పాటు అవనిగడ్డలో ఉండిపోవడం వల్ల అదొక్కటి భద్రంగా ఉంది. మొదటి రోజు అలవాటు ప్రకారం పేర్లు పిలవడం మొదలుపెట్టి, మూడో పేరు దగ్గర ఆగిపోయాను. ఎదురుగా కూర్చున్న పిల్లలే "వాడు లేడండీ" అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పేర్లు పిలవడం మానేసి తలలు లెక్కపెట్టుకొనేవాణ్ని. ఏడాది చివర రికార్డు సరిచేసేటప్పుడు ప్రవేశ పట్టికలో "బడి విడిచిన కారణం" అనే గడి నింపాలి. ఆ గడిలో ఒకదాని కింద ఒకటిగా "ఉప్పెన" అని రాసుకుంటూ పోయాను. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి అది సరైన కారణం కాదని, "మరణం" అని రాయాలని అన్నారు. తర్వాత దిద్దాను. దిద్దిన గీత మాత్రం ఆ పుస్తకంలో కనబడుతూనే ఉండేది.

ఇక మీరు అడిగిన అసలు విషయం. ఇళ్లు తొందరగానే వచ్చాయి. దేశం నలుమూలల నుంచి స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి, రామకృష్ణ మిషన్ వచ్చింది, ఆర్‌ఎస్‌ఎస్ వారు దీనదయాళ్‌పురం కట్టారు, మదర్ థెరెసా వచ్చి చూసి వెళ్లారు, రామారావు, నాగేశ్వరరావు వంటి నటులు ఊరూరా తిరిగి చందాలు పోగు చేశారు. అప్పటి మంత్రి, మా అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఈ పనుల కోసం పడిన శ్రమను మా ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కనుక తలదాచుకోవడానికి కప్పు దొరికింది. అయితే ఇల్లు నిలబడగానే ఊరు నిలబడినట్లు కాదు.

ఊరు నిలబడాలంటే ముందుగా ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ చెక్క ఎవరిదో తేలాలి. మా దగ్గర నీరు పొలం గట్లను కడిగేసింది. పది కుటుంబాల చేలు ఒకే చదును మైదానంలా కనిపించేవి. అప్పటికి ఊరి భూమి లెక్కలు, శిస్తు చూసే కరణాలు, మునసబులు ఉన్నారు. (ఆ పదవులు 1984లో రద్దయ్యాయి.) దస్త్రాలు తడిసినచోట్ల, కరణమే పోయినచోట్ల, "ఈ తాటిచెట్టు నుంచి ఆ బోదె దాకా మనది" అని చెప్పగలిగిన ముసలివాళ్ల మాటే ఆధారం. ఆ ముసలివాళ్లే ఎక్కువమంది పోయారు. నీటిలో కొట్టుకుపోతూ చెట్టు పట్టుకొని రాత్రంతా వేలాడగలిగింది వయసులో ఉన్న మగవాళ్లే. ముసలివాళ్లు, పిల్లలు, పిల్లలను చంకన పెట్టుకున్న తల్లులు నిలవలేకపోయారు. చీర కొంగులు, జుట్టు తుమ్మకంపలకు చిక్కుకొని పోయిన ఆడవాళ్లను నా కళ్లతో చూశాను. అందువల్ల మా ఊళ్లో మిగిలింది మామూలు ఊరి జనాభా కాదు. భార్యలు పోయిన భర్తలు, తల్లులు లేని పిల్లలు, మనవల్ని పెంచవలసి వచ్చిన ఒకరిద్దరు నాయనమ్మలు.

పెళ్లిళ్లు చాలా తొందరగా జరిగాయి. బయటివాళ్లకు అది వింతగా, కొందరికి తప్పుగా కూడా తోచింది. ఏడాది తిరగక ముందే ఎలా చేసుకుంటున్నారని ఒక పట్నం ఆయన నన్నే అడిగారు. ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు లేక, చిన్నపిల్లలకు అన్నం కలిపి పెట్టేవాళ్లు లేక చేసుకున్నారు. పోయిన అక్క స్థానంలోకి చెల్లెల్ని ఇచ్చిన ఇళ్లు కూడా ఉన్నాయి. వాటిలో అన్నీ సుఖంగా సాగాయని చెప్పను.

ఇంకొక సంగతి ఎవరూ పెద్దగా రాయరు. అంతకు రెండేళ్ల ముందు ఎమర్జెన్సీ. ఆ రోజుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న ఒక దంపతులు నాకు తెలుసు. ఇద్దరు పిల్లలు చాలనుకున్నారు. ఆ ఇద్దరూ ఒకే రాత్రి పోయారు. ఆయన నా దగ్గరకు వచ్చి, ఆ ఆపరేషన్‌ను వెనక్కు తిప్పే వీలుందటగా, కాగితం రాసిపెట్టండి అని అడిగాడు. రాసిపెట్టాను. అది ఫలించలేదు. చివరకు తమ్ముడి కొడుకును తెచ్చుకున్నారు.

అప్పుల సంగతి అడిగారు. ఉప్పెనలో ప్రామిసరీ నోట్లున్న పెట్టెలు కూడా కొట్టుకుపోయాయి. అప్పిచ్చిన ఆసామి చేతిలో కాగితం లేదు. తీసుకున్నవాడు నోరు విప్పకపోతే అడిగే దిక్కు లేదు. అయినా నాకు తెలిసినంతవరకు ఆ నోరులేని అప్పులు ఎక్కువ భాగం తీరాయి, ఎనిమిదేళ్లు, పదేళ్లు పట్టినా తీరాయి. దీన్ని నీతి కథగా చెప్పడం లేదు. మళ్లీ అదే ఆసామి దగ్గర విత్తనాలకు చేయి చాపవలసిన వాడు పాత బాకీ ఎగ్గొట్టలేడు కదా.

చౌడు నేల:

మాస్టారు రాసినదానికి పొలం వైపు నుంచి కొంత కలుపుతాను. నేను వ్యవసాయ శాఖలో పని చేసి విరమించుకున్నవాణ్ని. మాది దివి కాదు, బందరు (మచిలీపట్నం) దగ్గర.

నవంబరు మూడో వారం అంటే డెల్టాలో సార్వా (వానాకాలపు) వరి కోతకు వచ్చే రోజులు. కొన్ని చేలల్లో కోసిన పనలు పొలంలోనే ఉన్నాయి, కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. ఏడాది మొత్తం పెట్టుబడి, రైతు దగ్గరున్నదీ బయట తెచ్చినదీ అంతా చేలోనే ఉన్న సమయం అది. అదే ఉప్పెన జూన్‌లో వచ్చి ఉంటే ప్రాణనష్టం తగ్గేది కాదు గానీ, బతికినవాళ్ల చేతిలో ఎంతో కొంత గింజ ఉండేది.

పంట ఒక ఏడాది నష్టం. ఉప్పు మాత్రం కొన్నేళ్ల నష్టం. సముద్రపు నీరు పొలంలో నిలిచి ఇంకిపోయాక, ఎండకు నేల మీద తెల్లని పూత తేలుతుంది. నాలుక మీద పెట్టుకుంటే కరకరలాడే ఉప్పే. దాన్ని వదిలించడానికి మంచినీటిని మించిన మందు లేదు. మడి కట్టి, కాలువ నీరు నిండా పెట్టి, కొన్ని రోజులు నిలవనిచ్చి, ఉప్పు కరిగిన ఆ నీటిని మురుగు కాలువలోకి వదిలేయాలి. మళ్లీ పెట్టాలి, మళ్లీ వదలాలి. తర్వాత పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతకు రాకముందే దున్ని కలపాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి రెండు కావాలి: వచ్చే నీరు, పోయే దారి. దివిసీమకు మంచినీరు పులిగడ్డ అక్విడక్టు (నది పాయ మీదుగా కాలువ నీటిని దాటించే వంతెన) మీదుగా కాలువలో వస్తుంది. కాలువ ఎగువన ఉన్న చేలకు అందినంతగా చివరి చేలకు అందదు. మురుగు కాలువలేమో ఇసుక, కొట్టుకొచ్చిన దుంగలు, పశువుల కళేబరాలతో పూడిపోయి ఉన్నాయి. సముద్రమట్టానికి మీటరు, రెండు మీటర్ల ఎత్తున ఉన్న నేలలో వాలు ఎంతుంటుందో మీరే ఊహించండి. అందుకని ఎగువ ఊళ్లలో ఒకటి రెండు పంటలకే నేల దారికొస్తే, తీరం అంచున ఉన్న చేలు చాలాకాలం ఎర్రటి పీలకంకులతోనే సరిపెట్టుకున్నాయి. తీరం అంచున ఉన్నది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. పేదవాడి చెక్క ఎప్పుడూ కాలువ చివరే ఉంటుంది.

మంచినీళ్ల చెరువులదీ ఇదే కథ. ఉప్పునీరు తోడి పారబోసి, కాలువ నీటితో మళ్లీ నింపేదాకా తాగడానికి ట్యాంకర్లే గతి.

ఎడ్ల గురించి ఒక మాట. ఆ రాత్రి పలుపులు కోసి వదిలేసిన పశువుల్లో కొన్ని ఈదుకుంటూ ఒడ్డు చేరాయి. కట్టుకొయ్యలకు ఉన్నవి అలాగే పోయాయి. పశువులు లక్షల్లో పోయాయి. దుక్కిటెద్దు లేని రైతు రెండో ఏడు ఏం చేస్తాడు? ఎడ్లున్న వాడికి పొత్తుకు ఇచ్చాడు, లేదా కౌలుకు వదిలేసి కూలికి వెళ్లాడు. మా ప్రాంతంలో ట్రాక్టర్లు అంత తొందరగా పెరగడానికి జనం చెప్పే కారణాలు ఎన్ని ఉన్నా, అందులో ఈ ఎడ్ల కొరత ఒకటని నా అభిప్రాయం. పశువు పోయాక పేడ పోయింది, పాడి పోయింది, ఆడవాళ్ల చేతిలో ఆడే పాలడబ్బు పోయింది.

ఇక చౌడుబారి చౌకైన నేలలు 1990ల నాటికి రొయ్యల చెరువులయ్యాయి. అది ఇంకో పెద్ద కథ. 1994, 95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు ఖాళీ అయినప్పుడు, "ఉప్పెన ఒక్క రాత్రిలో తీసింది, రొయ్య రెండేళ్లలో తీసింది" అని ఒక రైతు నాతో అన్నాడు.

కరకట్ట మీద:

మాస్టారు, ఆ ఊళ్లలో ఏ పట్టికలోనూ పేరు లేనివాళ్లు కూడా ఉన్నారు. మా తాతలు యానాది తెగవాళ్లు. కాలువ గట్ల మీద, మడ అడవి పక్కన గుడిసెలు వేసుకొని పీతలు, చేపలు పట్టుకొని బతికారు. కోతల కోసం వేరే చోట్ల నుంచి వచ్చిన కూలీలు కూడా ఆ రోజుల్లో అక్కడే ఉన్నారు. వాళ్లకు పట్టా లేదు, ఇంటి పన్ను లేదు, బడిలో పేరు లేదు. పోయినవాళ్ల పేర్లు రాయించడానికి ఇంట్లో ఎవరైనా మిగలాలి కదండీ. ఎవరూ మిగలని గుడిసె గురించి ఎవరు చెబుతారు? అందుకే ఆ పది వేల అంకె చూసినప్పుడల్లా మా ఇంట్లో ఎవరూ దాన్ని నమ్మరు. ఇంతకంటే నాకు తెలియదు.

గాలి దిశ:

మీరు అడిగినది తర్వాతి కథ అయినా, ముందటి కథ కొంత తెలియకపోతే అది అర్థం కాదు. ఒక వారం ముందు, నవంబరు 12న, మరో పెద్ద తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి అక్కడ ఎంతో నష్టం చేసింది. అందరి చూపూ అటే ఉన్న సమయంలో బంగాళాఖాతంలో ఈ రెండోది బలపడింది. మొదట పడమరగా సాగి, తర్వాత ఉత్తరానికి మళ్లింది. హెచ్చరికలు లేవని అనడం సరి కాదు. దక్షిణాన ఎక్కడో దాటుతుందని అనుకున్నది మనవైపు వచ్చిందని చివరి ఊరికి తెలిసేలోపే గాలి మొదలై, స్తంభాలు పడి, తంతి తెగిపోయింది. రేడియో ఉన్న ఇళ్లు ఊరికి ఒకటో రెండో.

తుపాను చీరాల వైపున తీరం దాటితే దివిసీమ ఎందుకు మునిగిందని చాలామంది అడుగుతారు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. తుపాను ఉత్తరంగా కదులుతుంటే దాని కుడివైపున, అంటే తూర్పున, గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. దివిసీమ సరిగ్గా ఆ కుడివైపున ఉంది. అక్కడ సముద్రం చాలాదూరం వరకు లోతు తక్కువ. లోతైన చోట గాలి నెట్టిన నీరు అడుగుకు జారి వెనక్కు వెళ్లగలదు. లోతు లేనిచోట దానికి పోయే చోటు లేక నేల మీదికి ఎక్కుతుంది. అలా దాదాపు 5 మీటర్ల ఎత్తున ఎక్కిన నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. ఆ రోజు అమావాస్యా కాదు, పౌర్ణమీ కాదు. దీపావళి వెళ్లి వారం దాటింది. కనుక పెద్ద పోటు కలిసి వచ్చిందని అనడానికి కూడా లేదు. కలిసి వచ్చి ఉంటే ఎలా ఉండేదో నేను ఆలోచించదలచుకోలేదు.

నన్ను ఎక్కువగా బాధించే విషయం వేరే ఉంది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ఇలాంటి ఉప్పెనే ముంచింది. అప్పుడు పోయినవారి సంఖ్య 30,000 అని చెబుతారు. దివిసీమకు బందరు ఎంత దూరం? 113 ఏళ్లలో ఆ జ్ఞాపకం తాటాకు ఇళ్లు కట్టుకునేవాళ్ల దాకా రాకుండా ఆరిపోయింది. 1977 జ్ఞాపకం మాత్రం పని చేసింది. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో తీవ్ర తుపాను దాటినప్పుడు లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించగలిగారు, మరణాలు వెయ్యికి లోపే ఉన్నాయి. అప్పటికి మచిలీపట్నంలో రాడారు ఉంది, తీరం వెంట తుపాను రక్షణ భవనాలు ఉన్నాయి. కానీ అధికారి వచ్చి "లేవండి" అనగానే జనం లేచారంటే, అందుకు కారణం రాడారు ఒక్కటే కాదు. ఆ ఇళ్లలో 1977ను చూసిన మనిషి ఒకరుండడం.

లంక కొబ్బరి:

"గాలి దిశ" గారు జ్ఞాపకం పని చేసిందన్నారు. మా కోనసీమలో 1996 నవంబరు 6న అది పని చేయలేదు. ఎందుకంటే చనిపోయిన వాళ్లలో చాలామంది ఇంట్లో లేరు, వేటలో ఉన్నారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ల నుంచి సముద్రం మీదికి వెళ్లిన పడవలు తిరిగి రాలేదు. ఇంటికి తుపాను భవనం ఎంత దగ్గరగా ఉంటే ఏం లాభం?

శవం దొరకని చావు ఊరిని ఏం చేస్తుందో చెబుతాను. మా మేనత్త భర్త వేటకు వెళ్లి రాలేదు. శవం లేదు కనుక కర్మ ఎప్పుడు చేయాలో పెద్దలకే తెలియలేదు. ఏ తీరానో కొట్టుకుపోయి బతికి ఉంటాడని ఒకరు, ఒడిశా ఆసుపత్రిలో చూశామని మరొకరు. సాక్ష్య చట్టం ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేకపోతేగాని మనిషి పోయినట్లు మామూలుగా లెక్కలోకి రాడు. ధ్రువపత్రం కోసం ఆమె ఒక కార్యాలయం చుట్టూ తిరిగిన రోజుల్లో నేను తోడు వెళ్లేవాణ్ని. ప్రతిసారీ బొట్టు పెట్టుకొనే వచ్చేది. ఒకరోజు అక్కడి గుమస్తా ఆమె నుదుటి వైపు చూసి, "మీరే నమ్మడం లేదు, మమ్మల్ని ఎలా నమ్మమంటారు?" అన్నాడు. ఆమె ఏమీ మాట్లాడలేదు. దారిలో, బల్లకట్టు మీద, కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. మాకందరికీ ఆయన పోయిన తేదీ నవంబరు 6. ఆమెకు మాత్రం ఆ గుమస్తా మాట అన్న రోజు.

కొబ్బరి సంగతి కూడా రాయాలి. వరి పోతే ఆరు నెలలు. కొబ్బరి చెట్టు పోతే కొత్త మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరిని, జీడిని పడగొట్టినప్పుడు అక్కడి రైతు ఒకరితో మాట్లాడాను. "పరిహారం ఒక్కసారి ఇస్తారు బాబూ, చెట్టు ఏటా ఇచ్చేది" అన్నాడు ఆయన. కొబ్బరి తోట మీద పిల్ల పెళ్లి అనుకున్న ఇంట్లో ఆ ఐదారేళ్లు ఎలా గడుస్తాయో ఏ అంచనాల పత్రంలోనూ ఉండదు. ఆ మధ్యకాలంలో మగపిల్లలు హైదరాబాదుకో, చెన్నైకో భవన నిర్మాణ పనులకు వెళ్తారు. తోట మళ్లీ కాపుకు వచ్చేసరికి వాళ్లు తిరిగి రారు.

చౌడు నేల:

పరిహారం మాట వచ్చింది కనుక మరొక్కటి. ఇప్పుడు ప్రాణాలు పోవడం చాలా తగ్గింది, అందుకు సంతోషించాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నేను చూసినది వరి పనల మీద మొలకలు. ఆ చేలల్లో చాలా భాగం కౌలుచేలు. పెట్టుబడి కౌలుదారుది, పాసుపుస్తకం యజమానిది. అప్పట్లో 2019 చట్టం కింద, కౌలుదారుకు సాయం అందడానికి ఉద్దేశించిన సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలంటే యజమాని సంతకం కావలసి వచ్చేది. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని భయం. ఆ సంతకం లేని కౌలుదారు, "కరకట్ట మీద" గారు చెప్పిన గుడిసె లాంటివాడే. నష్టం జరిగింది, కానీ అతని పేరున జరగలేదు.

నాగాయలంక మనవడు:

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ ఫోనులో నాయనమ్మకు చదివి వినిపించాను. మాస్టారు రాసిన గట్ల సంగతి దగ్గర మధ్యలో ఆపి, మళ్లీ చదవమంది. తర్వాత మొదటిసారిగా తనంతట తానే చెప్పడం మొదలుపెట్టింది.

మా చేను, పక్కవారి చేను కలిసిపోయాయట. రెండిళ్లలోనూ హద్దు తెలిసిన పెద్దవాళ్లు పోయారు. మొదటి రెండేళ్లు ఎవరూ గట్టు వేయలేదు, కలిసి నీరు పెట్టి కలిసి ఉప్పు కడిగారు, పండిన నాలుగు గింజలు సగం సగం పంచుకున్నారు. నేను "అప్పుడు ఎంత బాగా ఉండేవారో కదా" అన్నాను. నాయనమ్మకు కోపం వచ్చింది. "బాగా ఏం ఉందిరా, ఎవరికీ ఓపిక లేక. తగాదా పెట్టుకోవాలన్నా మనిషికి రేపటి మీద ఆశ ఉండాలిగా" అంది.

మూడో ఏడో నాలుగో ఏడో పంట కాస్త బాగా వచ్చిందట. ఆ ఏడు పక్కింటాయన రాత్రికి రాత్రి మూరెడు లోపలికి గట్టు వేశాడట. తెల్లారి మా తాత పార పట్టుకొని వెళ్లాడట, ఊరంతా పోగయిందట, ఇద్దరినీ ఆపడానికి పెద్దమనుషులు కావలసి వచ్చిందట. ఊరు మళ్లీ ఊరు ఎప్పుడైందని నేను అడిగిన ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు అదే: "ఆ గట్టు తగాదా నాడు."

మాస్టారూ, ఆ తగాదా ఏ సంవత్సరమో ఆమెకు గుర్తు లేదు. పెద్దమనుషుల్లో ఒకరు బడిపంతులట, పొట్టిగా, కళ్లద్దాలతో ఉండేవారట. మీరేనా?

పాత బడిపంతులు:

నేను పొట్టి కాదు బాబూ, కళ్లద్దాలు మాత్రం అప్పటికే ఉన్నాయి. ఆ ఏళ్లలో అలాంటి తగాదాలు ఊరూరా జరిగాయి, మా ఊళ్లోనే నాలుగు తీర్చాను. మీ ఊరి పంతులు గారు వేరే ఉండి ఉంటారు. ఏటా నవంబరు 19న పులిగడ్డ దగ్గర స్మారక స్తూపం వద్దకు మా ఈడు వాళ్లం కొందరం వస్తాం, ఏటికేడు తగ్గుతున్నాం. ఈసారి నాయనమ్మ గారిని తీసుకురండి. ఊరి పేరు, మీ తాతగారి ఇంటిపేరు ఇక్కడ రాయకండి, నాకు విడిగా పంపండి. గట్టు ఏ వైపు వేశారో కూడా అడిగి ఉంచండి, అది తెలిస్తే ఏ పంతులో చెప్పేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలే ఉన్నారు.